షూటింగ్ బంగళాలో ఆయిల్ పామ్

ఉద్యోగంలో మీకు బాగా పేరు తెచ్చిన పని ఏదో చెప్పండని ఈ మధ్య ఒక కాలేజీలో పిల్లలు అడిగారు. పేరు తెచ్చిన పని ఒక్కటీ గుర్తుకు రాలేదు గానీ, బుర్ర గోక్కుని గోక్కుని ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడగొట్టుకున్న పని ఒకటి గుర్తొచ్చింది. నవ్వుతారని అక్కడ చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. మీరు నవ్వినా నాకు వినిపించదు.

నేను మొక్కలవాణ్ణి కాను, లెక్కలవాణ్ణి. వ్యవసాయశాఖలో పంటల దిగుబడి లెక్కలు కట్టి కట్టి విసుగెత్తి, వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని ఇంట్లో కూర్చున్నాను. అది హైదరాబాదులో ఐటీ పొంగిపొర్లుతున్న కాలం. అమీర్‌పేటలో నడుస్తుంటే కాళ్ల కింద కరపత్రాలు, ఒక్కో కరపత్రంలో ఒక్కో కొత్త కోర్సు. "మీరూ ఏదో ఒకటి నేర్చుకోండి, రోజూ నా పోపుల డబ్బా సర్దడం మానేసి" అంది మా ఆవిడ. సరిగ్గా అప్పుడే జూబ్లీహిల్స్‌లో ఒక కంపెనీవాళ్లకి లెక్కలు తెలిసిన పెద్దమనిషి కావాలని కబురొచ్చింది. శ్రీనగర్ కాలనీలో మా ఇంటి నుంచి ఆటోకి దగ్గరే. చేరిపోయాను. లెక్కలు చూసేవాణ్ణి కదా, అక్కడ కొందరికి మేష్టార్నయ్యాను.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. మా ఎండీగారు అంతకు ముందు, అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పింది మన పిల్లలు విని టైపు చేసే వ్యాపారం నడిపేవారు. అందులో పోటీ పెరిగాక, ఇకమీదట అంతా బయోటెక్కే అని ఎవరో చెవిలో ఊదితే ఇందులోకి దిగారు. పై అంతస్తులో కంప్యూటర్లు, కింద లాబ్, మధ్యలో మెట్లు.

ఆ మెట్ల గురించి చెప్పాలి. ఫిల్మ్‌నగర్ వైపు దిగే రోడ్డు మీద, బండరాళ్ల మధ్య కట్టిన బంగళా అది. అది షూటింగ్ బంగళా. హాల్లోంచి రెండు వైపులా ఒంపు తిరిగి పైకి వెళ్లే ఆ పాలరాతి మెట్లు దిగుతూ ఎంతమంది జమీందార్లు కూతుళ్ల ప్రేమపెళ్లికి అడ్డం చెప్పారో లెక్కలేదు. ఓనరమ్మ మాకు కిరాయికి ఇచ్చేటప్పుడే షరతు పెట్టింది, ఆదివారాలు హాలూ మెట్లూ లానూ ఆవిడ షూటింగులకి ఇచ్చుకుంటుందని. షూటింగ్ ఉన్న రోజు మా వాచ్‌మన్‌కి సెలవు. గేటు దగ్గర నుంచి గడ్డి వరకూ సినిమావాళ్ల మనుషులే చూసుకుంటారు. సోమవారం పొద్దున మేం వెళ్లేసరికి మెట్ల మీద ప్లాస్టిక్ గులాబీ రేకులు తప్ప ఇంకే ఆనవాలూ ఉండేది కాదు. మాకదంతా అలవాటైపోయి, ఏ ఆదివారం ఏం జరిగిందో అడగడం కూడా మానేశాం.

ఇక మా పని ఆయిల్ పామ్. ఆ గెలలోని పండుకి లోపల పెంకు ఉంటుంది. పెంకు మందంగా ఉంటే నూనె ఇచ్చే కండ తక్కువ, పల్చగా ఉంటే ఎక్కువ. అసలు పెంకే లేని చెట్లూ పుడతాయి. అవి గెలలు కాయడంలో బద్ధకస్తులు గానీ, వాటి పుప్పొడి బంగారం. ఆ పుప్పొడిని మందపు పెంకు తల్లికి వేస్తే పుట్టిన పిల్లలన్నీ పల్చటి పెంకువే, రైతుకి కావలసినవే. చిక్కల్లా ఆ పెంకులేని తండ్రిని పట్టుకోవడంలో ఉంది. పల్చటి పెంకు చెట్లు రెంటిని కలిపితే మందం, పల్చన, అసలు లేనివి, మూడు రకాల పిల్లలూ పుడతాయి. మొక్కగా ఉన్నప్పుడు మూడూ ఒకేలా పచ్చగా, అమాయకంగా ఉంటాయి. నాటి, నీళ్లు పోసి, ఏళ్లు కాసుకుని, గెల వేశాక పండు కోస్తే గానీ ఎవరెవరో తెలీదు.

జన్యుపటం ఈ కాపలా తప్పిస్తుంది. నాకు అర్థమైన తీరులో చెబుతాను. బోరబండ బస్సులో రోజూ ఒకే స్టాపులో దిగే ఇద్దరుంటే వాళ్లు పక్కపక్క ఇళ్లవాళ్లని మీరు అనుకుంటారు కదా, ఇళ్లు చూడకపోయినా. అలాగే డీఎన్ఏలో మేం పెట్టుకున్న గుర్తులు కొన్ని తల్లిదండ్రుల నుంచి పిల్లలకి ఎప్పుడూ జంటగానే వస్తుంటే అవి ఇరుగుపొరుగన్నమాట. ఏ గుర్తు పక్కన ఏది ఉందో వరసగా రాసుకుంటే అదే పటం. పెంకుని నిర్ణయించే జన్యువు పక్కింటి గుర్తేదో తెలిస్తే చాలు, చిన్న మొక్క ఆకు కొస తుంచి చూసి, పండు దాకా ఆగకుండా రకం చెప్పొచ్చు. ఆ ఇరుగుపొరుగు లెక్కలే నా ఉద్యోగం.

మా మొక్కలకి పెళ్లిసంబంధం కుదిర్చింది మేం పెద్దాయన అని పిలిచే బ్రీడరు, అంటే చెట్లని కలిపి కొత్త రకాలు పుట్టించే ఆయన. గోదావరి జిల్లాలో ఆయిల్ పామ్ తోటల మధ్య సర్వీసంతా గడిపి రిటైరై, మాకు సలహాదారుగా ఉండేవారు. ఆయన ఏనాడో కలిపిన రెండు పల్చటి పెంకు చెట్ల పిల్లలు తోటలో పెరిగి గెలలు వేశాయి. వాటి ఆకులూ పండ్లూ చూసే మేం పటం గీశాం. అదే తల్లికీ తండ్రికీ పుట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు నల్ల కవర్లలో మొక్కలుగా ఉన్నాయి. వాటిలోంచి పటం సాయంతో పెంకులేనివి ఏరి, వానలు పడగానే నాటాలి. ఈలోగా తల్లి చెట్టు మొదలు కుళ్లి పడిపోయింది. ఇక ఆ కడుపున ఇంకో పిల్ల పుట్టదు.

అంత విలువైన మొక్కల్ని తోటలోనే ఉంచుదామని పెద్దాయన మొత్తుకున్నారు. "కొండరాళ్ల మీద పామాయిల్ నర్సరీ ఏంటండీ బాబూ, మీ సిమెంటు వేడికి మాడి చస్తాయి" అన్నారు. ఎండీగారు వినలేదు. పెట్టుబడి పెట్టేవాళ్లు కారు దిగగానే పచ్చగా ఏదో ఒకటి కనబడాలట. బంగళా వెనక ఆకుపచ్చ షేడ్‌నెట్ వేయించి మొక్కలన్నీ తెప్పించారు. ఒక్కో మొక్క మెడకీ ప్లాస్టిక్ చీటీ, దాని మీద నంబరు.

ఆ నంబర్లు రాసింది, ఆకులు కోసింది, డీఎన్ఏ తీసింది మా లాబ్‌లోని అమ్మాయి. బోరబండ నుంచి వచ్చేది. ఎమ్మెస్సీ చదివి, పీహెచ్‌డీకి డబ్బు కూడబెట్టుకుంటోంది. ఆమె పని చూడటం నాకు ముచ్చటగా ఉండేది. ఆకు ముక్క వేసే చిన్న గొట్టం మీద నంబరు రాసుకుని, మొక్క చీటీతో సరిచూసుకుని, అప్పుడు కత్తెర తీసేది. లేత ఆకు అంచున చిన్న చతురస్రం కోసేది, బస్సు కండక్టరు టికెట్‌కి గంటు పెట్టినట్టు. చేతికి తొడుగులు, నోటికి గుడ్డ. ఆమెతో అప్పుడు మాట్లాడబోతే విసుక్కునేది. "జర ఆగుండ్రి సార్, నంబరు పోతది" అనేది.

మొదటి కోత ఎండాకాలం మొదట్లో అయింది. ఫలితాలు పటానికి అతికినట్టు సరిపోయాయి. పెంకులేనివి ఇవీ అని పేజీ రాసి ఇచ్చాను. లారీ ఎక్కించబోయే ముందు ఒకసారి రూఢి చేసుకుందామని పెద్దాయన రెండో కోత అడిగారు. వానలు వస్తాయనగా ఆ అమ్మాయి మళ్లీ అన్ని మొక్కల ఆకులూ కోసింది.

రెండో ఫలితాలు నా కంప్యూటర్ మీదకి వచ్చిన రోజు నేను పొరపాటున వేరే పంట ఫైలు తెరిచాననుకున్నాను. మొదటిసారి పెంకులేనిదని చెప్పిన మొక్క ఈసారి మందపు పెంకంటోంది. మందపు పెంకుది పల్చనంటోంది. అక్కడక్కడా ఒకటీ అరా సరిపోయింది గానీ అది కాకతాళీయంలా ఉంది తప్ప నిజంలా లేదు. అద్దాలు తుడుచుకున్నాను. ప్రోగ్రాం మళ్లీ నడిపాను. కాఫీ తాగొచ్చి మళ్లీ నడిపాను. అదే కలగాపులగం.

పై అంతస్తు సాఫ్ట్‌వేర్ పిల్లలు, తప్పు లాబ్‌దేనన్నారు. లాబ్ అమ్మాయి కంప్యూటర్ వైపు వేలు చూపింది. నేను ఇద్దరి వైపూ చూసి తల ఊపాను, ఎందుకంటే నాకు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుండేది. మొక్క రాత్రికి రాత్రి తన జన్యువులు మార్చుకోదు కదా! అలాగని నా లెక్కలో తప్పూ దొరకలేదు. ఇంట్లో అన్నం తింటూ కూడా అదే ఆలోచన. పప్పులో పెరుగు కలుపుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

చివరికి ఎండీగారు అందర్నీ హాల్లోకి పిలిచారు. మెట్ల మీద నాలుగో మెట్టో ఐదో మెట్టో ఎక్కి నిలబడ్డారు, ఆ మెట్ల మహిమ అలాంటిది. కింద మేమందరం, గుమ్మం దగ్గర వాచ్‌మన్, టీ ఇచ్చే ఆవిడ.

"చూడమ్మా, నేను ఎమోషనల్‌గా మాట్లాడట్లేదు. డేటా మాట్లాడుతోంది" అన్నారు ఆ అమ్మాయితో. "గొట్టాలు తారుమారయ్యాయి. ఎలా అయ్యాయో నీకే తెలియాలి. నువ్వు ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లావని నాకు తెలుసు. వెళ్లిపోతూ వెళ్లిపోతూ మన పని పాడుచేసి వెళ్దామనుకున్నావేమో."

"గొట్టాలు నేను కలపలే సార్" అంది ఆమె. "ఇంటర్వ్యూకు పోయిన మాట నిజమే. గీ కాలంల ఎవరు పోలే సార్? పైనున్నోళ్లు వారానికొకసారి పోతలేరా?"

పైనున్నవాళ్లు నేల చూపులు చూశారు. ఎండీగారి మొహం ఎర్రబడింది. నెలాఖరుదాకా ఉండి వెళ్లిపొమ్మన్నారు. మొక్కలు నమ్మడానికి వీల్లేదు కాబట్టి పారేయమన్నారు. ఈ రోజు నుంచి ఆమె ఇంటికి వెళ్లేటప్పుడు సంచి వెతికి పంపమని వాచ్‌మన్‌తో అందరి ముందూ చెప్పారు.

సాయంత్రం గేటు దగ్గర ఆ సంచి వెతకడం నేను చూశాను. టిఫిన్ డబ్బా, గొడుగు, బస్ పాసు. వాచ్‌మన్ తల ఎత్తకుండా చూసి తిరిగి ఇచ్చేశాడు. నేను ఆమెతో పాటు బస్టాపు దాకా నడిచాను. ఏం అనాలో తోచక, "ఉద్యోగానికేముందమ్మా, ఇంకోటి వస్తుంది" అన్నాను.

"నౌకరి ఫికర్ లేదు సార్" అంది. "గని యూనివర్సిటీల సీటుకు ఈడికెళ్లి కాగితం కావాలె. ఎండీ సార్ ఏమని రాస్తడు? గొట్టాలు కలిపిందని రాస్తడు. ఇగ నన్ను ఏ లాబ్‌లకు రానిస్తరు?" బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "మీకు గూడ డౌటుందా సార్?" అని అడిగింది.

లేదని గట్టిగా అనాలనిపించింది. కానీ నేను లెక్కలవాణ్ణి. "నాకేమీ అర్థం కావట్లేదమ్మా" అన్నాను. నిజం అదే. బస్సు వెళ్లిపోయింది, నేను ఆటో పిలవడం మరిచిపోయి ఇంటిదాకా నడిచాను.

మర్నాడు ఒక చిన్న పని చేశాను. ఏ ఇద్దరు పిల్లల డీఎన్ఏ కూడా అచ్చంగా ఒకటి కాదు. కాబట్టి రెండో కోతలోని ఒక్కో మొక్కనీ తీసుకుని, నంబరు పక్కనపెట్టి, మొదటి కోతలో దీని పోలిక ఎక్కడుందా అని వెతికాను. దొరికింది! వేరే నంబరు కింద. ఇంకోటి చూశాను, అదీ దొరికింది, ఇంకో నంబరు కింద. సంబరంగా ఎండీగారి గదికి పరిగెత్తాను.

ఆయన విని కుర్చీలో వెనక్కి వాలారు. ఆ వెనక గోడకి ఈ మధ్యే కట్టించిన పెద్ద ఫ్రేము, అందులో ఒక హీరోగారి భుజం పక్కన తన భుజం ఆనించి నవ్వుతున్న మా ఎండీగారు. వచ్చినవాళ్లందరికీ ముందు దాన్ని చూపించేవారు. "మేష్టారూ, మీరు చెప్పేది నా మాటే కదండీ" అన్నారు. "అవే మొక్కలు, నంబర్లు మారాయి. అంటే గొట్టాలు కలిపేసినట్టేగా?"

 ఆ అమ్మాయిని కాపాడదామని వెళ్లి, ఆమె మెడకి ఉచ్చు నేనే బిగించి వచ్చినట్టయింది. ఇంతకంటే ఫైలు మూసేసి కూర్చున్నా బాగుండేదనిపించింది.

అయితే నాకు ముందు నుంచీ ఒక జబ్బుంది, మొదలుపెట్టిన లెక్క చివరి గీత దాకా కట్టకపోతే నిద్ర పట్టదు. మిగిలినవన్నీ జత చూస్తూ పోయాను. అన్నిటికీ జత దొరికింది, మూడింటికి తప్ప. ఆ మూడూ మొదటి కోతలో ఎక్కడా లేవు. అంతకంటే విచిత్రం, వాటిలో సగం గుర్తులు అసలు పలకనే లేదు. పలికినవి తల్లివీ కావు, తండ్రివీ కావు. ఆ అమ్మాయిని అడిగితే, "ఆ మూడిటిని మళ్లమళ్ల చేసిన సార్, గట్లనే వస్తున్నయి. నాకు గూడ సమజ్ కాలే" అంది.

అక్కడ కూర్చుని చాలాసేపు ఆ మూడు అంకెల్నే చూశాను. గొట్టాలు తారుమారైతే ఈ ఇంటి పిల్లలే ఒకరి పేరు ఒకరు చెప్పుకోవాలి. పరాయింటి పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? గొట్టం మార్చినంత మాత్రాన కొత్త పిల్ల పుట్టదు కదా. నాకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఎండీగారు అనుకున్నంత తేలిగ్గా ఆ అమ్మాయి ఈ తప్పులో ఇమడదని మాత్రం అర్థమైంది. పెద్దాయనకి ఫోన్ చేశాను. మొక్కలు పారేస్తారని వినగానే ఆయన ఆ రాత్రి రైలుకే బయల్దేరారు.

పొద్దున్నే స్టేషన్ నుంచి సరాసరి వచ్చి, కాళ్లైనా కడుక్కోకుండా షేడ్‌నెట్ కిందకి దూరారు. నేనూ ఆ అమ్మాయీ వెనకే. నేను ఉద్యోగంలో చేరాక ఆ మొక్కల ముందు అంతసేపు నిలబడటం అదే మొదలు. నాకు అవి అంకెలుగానే తెలుసు. నేను చెప్పిన మూడు నంబర్లలో మొదటిదాని ముందు పెద్దాయన గొంతుక్కూర్చుని, ఆకు కాడని కింద నుంచి పైకి నిమిరారు. పక్క మొక్కనీ నిమిరారు. మళ్లీ దీన్ని నిమిరారు.

"ఏవండీ మేష్టారూ, ఇది మన పిల్ల కాదండీ" అన్నారు. "మనదానికి ఈపాటికి కాడ అంచున ముళ్లు పొడుచుకొస్తుంటాయి. దీనికి నున్నగా ఉంది చూడండి. ఇది వక్క."

"వక్కంటే... తాంబూలంలో వక్కా?" అన్నాను.

"మరింకే వక్కండీ!"

మిగతా రెండూ వక్కలే. పామాయిల్ పటంలో వక్క మొక్కల్ని ఇరికించడానికి నేను వారాల తరబడి తల బద్దలుకొట్టుకున్నానన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. వంగి ఆకులు చూస్తోంది. "సార్, ఇటు రాండ్రి" అంది. "అన్ని మొక్కలకు నా గంట్లు రెండున్నయి. మొదటి కోతది ఒకటి, రెండోది ఒకటి. గీ మూడిటికి ఒక్కటే ఉంది." మొక్క మెడలోని చీటీ తిప్పి చూసింది. "అంటే మొదటిసారి కోసినప్పుడు ఇవి ఈడ లెవ్వు. నడుమల ఎవరో తెచ్చి పెట్టిండ్రు. నా చీటీలు తీసి వీటికి కట్టిండ్రు."

ముగ్గురం ఎండీగారి గదికి వెళ్లాం. నేను లెక్క చెప్పాను, పెద్దాయన వక్క గురించి చెప్పారు, ఆ అమ్మాయి గంట్ల సంగతి చెప్పింది. ఎండీగారు ముగ్గురినీ అనుమానంగా చూశారు.

"నా కాంపౌండ్‌లోకి వచ్చి వక్క మొక్కలు పెట్టి వెళ్లేదెవరండీ? దొంగలు మొక్కలు ఎత్తుకెళ్తారు గానీ, తెచ్చి పెడతారా?"

 నిజానికి అది మంచి ప్రశ్నే. నేను కిటికీ వైపు చూశాను, పెద్దాయన పైకప్పు వైపు చూశారు. ఆ అమ్మాయి ఎండీగారి వైపే చూస్తోందనుకున్నాను. కాదు, ఆయన తల మీదుగా చూస్తోంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, చెప్పులు విడిచి, సోఫా ఎక్కి, గోడ మీది ఫ్రేము దించింది. తెచ్చి బల్ల మీద పెట్టింది.

హీరోగారు నవ్వుతున్నారు. ఎండీగారు నవ్వుతున్నారు. వాళ్ల వెనక మా హాలు మెట్లు, మెట్ల పొడుగునా రెండు వైపులా ఇత్తడి రంగు కుండీలు, ఆ కుండీల్లో మా ఆయిల్ పామ్ మొక్కలు. ముందున్న కుండీల్లోని ఆకుల అంచున కత్తెర గంటు స్పష్టంగా కనబడుతోంది. ఒక్క మొక్క మెడలోనూ చీటీ లేదు.

ఎండీగారు ఫొటోలో తన మొహం పక్కన ఏముందో అప్పుడే మొదటిసారి చూసినట్టున్నారు. "గ్రీనరీ కావాలన్నారు..." అన్నారు మెల్లగా. "వాడుకోండన్నాను. కానీ తిరిగి ఇచ్చేశారండీ! సోమవారం నేనే లెక్కపెట్టుకున్నాను. ఒక్కటి తగ్గలేదు."

అబద్ధమాడలేదాయన. ఆయన దృష్టిలో మొక్కలు వేరు, లాబ్ వేరు. గొట్టాల్లో తప్పు దొరికితే గొట్టాల్లోనే వెతకాలనుకున్నారు. ఆ సినిమా మేనేజరుకి ఫోన్ చేస్తే, ఆయన ఫోను తీసుకెళ్లి, మొక్కలు సర్దిన ఆర్ట్ అసిస్టెంట్‌కి ఇచ్చాడు. స్పీకర్లో అతని గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"చీటీలు ఫ్రేములో పడుతున్నాయని డైరెక్టర్‌గారు కేకలేశారు సార్, తీసేశాం. ప్యాకప్ అయ్యాక మళ్లీ కట్టేశాం గదండీ. ఒక్క చీటీ కూడా పారెయ్యలేదు. ట్రాలీ తగిలి మూడు మొక్కలు విరిగాయి సార్. మీకు లెక్క తగ్గకూడదని నర్సరీ నుంచి అలాంటివే తెచ్చి పెట్టాం, మా డబ్బుల్తోనే. ఏమన్నా ఇబ్బందైందా సార్?"

ఇబ్బందేమీ లేదని ఎండీగారు ఫోన్ పెట్టేశారు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ అసిస్టెంట్‌ని తిట్టాలో, దండం పెట్టాలో నాకు తేలలేదు. అతను ఒళ్లు వంచి, నిజాయితీగా, మొక్కకి మొక్కా చీటీకి చీటీ అప్పజెప్పాడు. దానివల్లే మా పని గంగలో కలిసింది. కానీ అతను కాస్త తక్కువ మంచివాడై, విరిగిన మూడింటినీ గోడ అవతల పారేసి, చీటీలు మాత్రం కలిపేసి పోయుంటే? లెక్క తగ్గిన ఆ మూడూ ఎలుకలు కొట్టేశాయనుకునేవాళ్లం, తారుమారంతా ఆ అమ్మాయి నెత్తిన పడేది. ఆమెని కాపాడింది ఆ మూడు వక్కలే. ఇందులో నీతి ఏమిటని అడక్కండి, నాకే తెలీదు.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. మొదటి కోత డీఎన్ఏ మా దగ్గర ఉంది కాబట్టి ఎవరు ఎవరో జతపరిచి, ఆ అమ్మాయే సరైన చీటీలు సరైన మెడలకి కట్టింది. వాన పడుతుండగా లారీ ఎక్కించాం. కొన్నేళ్లకి పెద్దాయన తోట నుంచి ఫోన్ చేశారు. "పండు కోశానండీ మేష్టారూ. కత్తి అడ్డం లేకుండా దిగిపోయిందండీ!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. పటం పెంకులేదన్న చెట్టుకి పెంకు లేదు. మేం వెతుకుతున్న తండ్రి దొరికాడు. నేనూ ఫోన్లోనే అరిచాను, మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

కానీ ఆ కథంతటిలో నా కళ్ల ముందు నిలిచిపోయింది పండు కాదు. ఫొటో దించిన మర్నాటి పొద్దున.

ఎండీగారు ఆ అమ్మాయిని గదికి పిలిచి, నన్నూ కూర్చోబెట్టుకుని, "జరిగిందేదో జరిగింది. లెట్ అజ్ మూవ్ ఆన్. యూనివర్సిటీకి మంచి లెటర్ ఇస్తాను" అన్నారు.

ఆమె కూర్చోలేదు. "లెటర్ ఇస్తే మంచిదే సార్. గని నన్ను అన్నప్పుడు హాల్ల అందరి ముందట అన్నరు. కాదని గూడ అందరి ముందటనే చెప్పుండ్రి."

ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాన్ వైపు చూశాను. లేచి హాల్లోకి నడిచారు. అందర్నీ పిలిచారు. మెట్టు ఎక్కబోయి, ఏమనుకున్నారో, కిందే నిలబడి, గడగడా ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పేశారు. పై అంతస్తు పిల్లలు తలలూపారు. వాచ్‌మన్, టీ ఆవిడ ఏం జరుగుతోందో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తెలుగుల చెప్పుండ్రి సార్" అంది ఆ అమ్మాయి. "సంచి ఎతకమన్నది తెలుగులనే గద."

 ఆ హాల్లో అంతకు ముందు ఎన్ని పెద్ద పెద్ద డైలాగులు పలికించారో గానీ, నేను విన్నది ఇదొక్కటే. ఎండీగారు వాచ్‌మన్ వైపు తిరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పారు. "మొక్కలు షూటింగ్‌కి ఇచ్చింది నేనయ్యా. చీటీలు అక్కడ మారిపోయాయి. ఈ అమ్మాయి తప్పేం లేదు. నేను అనవసరంగా మాటన్నాను. సంచి వెతకమన్నదీ తప్పే."

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "నాకు ముందుగాలనే తెల్సు బిడ్డా, నువ్వు గట్లాంటిదానివి కావని."

"మరి సంచి ఎందుకు చూసినవే అన్నా?" అంది ఆమె. నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఇన్ని రోజులూ ఒక్క చుక్క రాల్చని మనిషి, ఆ పాలరాతి మెట్ల మొదట్లో కూర్చుని, అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చింది.